ఫోను సొరుగులో పెడితే తీరే గొడవ కాదు

మీ ఉత్తరంలో మూడు పేజీలు ఫోను గురించే. పనిలో కూర్చున్న పది నిమిషాలకే చెయ్యి దానిమీదికి పోతోందని, పోయిన నెల లెక్కల్లో ఒకే ఎంట్రీ రెండుసార్లు వేశారని, మేనేజరు పిలిచి మందలించారని రాశారు. ఏ యాప్ పెట్టుకుంటే ధ్యాస కుదురుతుందని అడిగారు.

ఏదో ఒకటి పెట్టుకోండి. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి మంచిదే. దాన్ని ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టారు. యాప్ కూడా అక్కర్లేదు. ఆ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు నా దగ్గర లేదు.

నేను ఆగిపోయింది చివరి పేజీలో. "పదకొండింటికి నాన్న ఫోన్ చేస్తారు, తియ్యను. సాయంత్రం చేద్దాంలే అనుకుంటాను, చెయ్యను" అని ఊరికే రాసి వదిలేశారు. ఇల్లు కొన్నప్పుడు ఆయన దగ్గర తీసుకున్న డబ్బు ఏడాదిలో ఇస్తానని, మూడేళ్లయినా ఇవ్వలేదని అంతకు ముందెక్కడో ఉంది. రెండూ కలిపి చూసుకోలేదా, లేక చూసుకునే విడివిడిగా రాశారా?

రింగు ఆగిపోతుంది. మిస్డ్ కాల్ అలాగే కనిపిస్తుంటుంది. ఫోను బోర్లా పెడతారు. కాసేపటికి మళ్లీ తిప్పుతారు, చేతిలో ఉంది కదా అని వార్తలు, ఆ తర్వాత వీడియోలు. వాటిమీద మీకేం మోజు లేదు. సగంలో వదిలేసి ఇంకో పనిలోకి వెళ్తే మనసు కొంత మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఆవిడ చెప్పింది ఆఫీసు పనుల గురించి. తండ్రికి ఇవ్వని జవాబు అంతకంటే తేలిగ్గా వదులుతుందంటే నేను నమ్మను.

బాకీ ఉండటం తప్పు కాదు, ఎవరికైనా చేతిలో ఆడని రోజులుంటాయి. కన్నతండ్రికి మొహం చాటెయ్యడం మాత్రం తప్పే. ఆయన అడగటం లేదంటే మరిచిపోయారని కాదు. అడిగితే కొడుకు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుని ఉండొచ్చు.

ఇవాళ భోజనాల వేళకి మీరే ఫోన్ చెయ్యండి. ఆరోగ్యం ఎలా ఉందంటూ మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు, డబ్బు మాటే ముందు ఎత్తండి. నెలకింత అని ఇవ్వగలిగిన అంకె చెప్పండి, చిన్నదైనా సరే. అది మీ ఆవిడకూ తెలిసి ఉండాలి. "పదకొండింటికి పనిలో ఉంటాను నాన్నా, రాత్రి ఎనిమిదింటికి నేనే చేస్తాను" అనండి. ఎనిమిదింటికి చెయ్యండి.

డబ్బు వద్దంటారేమో. అయినా మొదటి నెలది పంపండి.