పెచ్చు లేచిన పాత గాజు గోళీలను సాన పట్టించవచ్చా? వాటిని ఎలా గుర్తించాలి, ఎలా ప్రదర్శించాలి?

కుటుంబంలోని పెద్దల నుంచి వచ్చిన పెట్టెలో నలభై దాకా పాత గాజు గోళీలు ఉన్నాయనీ, కొన్నింటికి పెచ్చులు లేచి, మరికొన్ని మసకబారి ఉన్నాయనీ, అన్నింటినీ సాన పట్టించి అద్దాల బీరువాలో పెట్టాలనుకుంటున్నాననీ, అది మంచి పనేనా అనీ మీరు అడిగారు. దాదాపు ఇరవై ఏళ్లుగా ఇటువంటి గోళీలను సేకరిస్తూ, కొన్నింటిని బాగు చేస్తూ, అప్పుడప్పుడు ప్రదర్శనల్లో ఉంచుతూ వస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఏ గోళీ ఏమిటో తేలేదాకా ఒక్కదానిని కూడా సాన పట్టించకండి. పాత గోళీ వయసును, పుట్టుకను, చేసిన పద్ధతిని చెప్పే ఆనవాళ్లలో అధిక భాగం దాని పైపొర మీదే ఉంటాయి. సానరాయి మొట్టమొదట తినేసేది ఆ పైపొరనే.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. సేకరణ మొదలుపెట్టిన రెండో ఏట, 19 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక లట్జ్ గోళీ నా చేతికి వచ్చింది. లట్జ్ అంటే గాజులో సన్నని రాగి స్ఫటికాలు కలిసి బంగారు రజనులా తళుక్కుమనే పట్టీలు ఉన్న గోళీ. దాని మీద చిన్న పెచ్చు ఒకటి, ఆటలో పడిన గీతలు కొన్ని ఉన్నాయి. వాటిని పోగొట్టాలన్న తొందరలో నేనే దానిని సాన పట్టాను. గీతలు పోయాయి, గోళీ కొత్తదానిలా మెరిసింది. అయితే ఆ బంగారు పట్టీలు ఉపరితలానికి ఆనుకునే ఉంటాయన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. అవి మూడు చోట్ల తెగిపోయాయి, రెండు ధ్రువాల దగ్గర ఉండే కత్తెర గుర్తులు అరిగిపోయాయి. కొలిస్తే వ్యాసం 18 మిల్లీమీటర్లకు వచ్చింది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ గోళం కాబట్టి అందులో ఉన్న గాజులో సుమారు 15 శాతం మట్టిపాలైనట్టు లెక్క. ఆ గోళీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సాన పట్టించాలా అని ఎవరైనా అడిగితే ముందు దానినే చూపిస్తాను.

కత్తెర గుర్తు అన్నాను కాబట్టి అదేమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పెట్టెలో మొదట వెతకవలసింది దానినే. జర్మనీలో తురింజియా కొండల మధ్య ఉన్న లౌషా పట్టణంలో 1597 నుంచి గాజు పని సాగుతోంది. అక్కడి పనివారు 1840ల చివరికల్లా ఒక ప్రత్యేకమైన కత్తెరను వాడుకలోకి తెచ్చారు. దాని ఒక కొసన చిన్న గిన్నె, దానికి ఎదురుగా పదునైన అంచు ఉంటాయి. రంగు గాజు కడ్డీలను వరుసగా పేర్చి, వాటి మీద రంగులేని పారదర్శక గాజు పోత పోసి, వేడి మీద ఉండగానే మెలితిప్పుతూ పొడవుగా లాగేవారు. ఆ కడ్డీ కొసను మళ్లీ మెత్తబడేలా కాచి, కత్తెర గిన్నెలో ఉంచి తిప్పి గుండ్రంగా చేసి, కత్తిరించి, తరువాత మెల్లగా చల్లార్చేవారు. గోళీ లోపల మెలికలుగా కనిపించే రంగులు ఆ మెలితిప్పడం వల్ల వచ్చినవే. కడ్డీ నుంచి విడిపోయిన రెండు చోట్లా చిన్న గరుకు మచ్చలు మిగిలిపోయేవి. నేను కత్తెర గుర్తులు అన్నవి ఇవే, సేకర్తలు వాటిని పాంటిల్ గుర్తులు అంటారు. ఎదురెదురు ధ్రువాల వద్ద ఇటువంటి రెండు గుర్తులు ఉండి, రంగు మెలికలు ఒక గుర్తు నుంచి రెండో గుర్తు దాకా సాగితే, అది చేత్తో చేసిన గోళీ. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ పరిశ్రమ బాగా దెబ్బతింది కాబట్టి, అటువంటిది మీ దగ్గర ఉంటే దానికి నూరేళ్లు దాటి ఉండే అవకాశం ఎక్కువ.

వాటిలో రకాలు చాలా ఉన్నాయి. నడుమ తెల్లని దారాలతో వల అల్లినట్టు కనిపిస్తే అది లట్టిసినియో. ఆ దారాలు ఎక్కువగా తెలుపులోనో పసుపులోనో ఉంటాయి, ఎరుపు, ఆకుపచ్చ దారాలు అరుదు. ఉల్లిపొర రకంలో రంగు చుక్కలు సాగి, గాజు లోపల పలుచని తొడుగులా పరుచుకొని ఉంటాయి. కొన్నింటిలో అభ్రకపు రేకులు వెండి తునకల్లా మెరుస్తాయి. పైకి నల్లగా కనిపించే గోళీలను మాత్రం పక్కన పెట్టేయకండి. ఇండియన్ అని సేకర్తలు పిలిచే రకం నల్లని గాజు మీద రంగు పట్టీలతో ఉంటుంది. బలమైన టార్చి వెలుతురు ముందు పట్టుకున్నప్పుడు వాటిలో కొన్ని ముదురు ఊదా రంగులోనో తేనె రంగులోనో వెలుగుతాయి, ఆ క్షణం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

పాంటిల్ గుర్తులు లేనంత మాత్రాన గోళీ విలువ లేనిది కాదు. అమెరికాలోని ఆక్రన్ నగరంలో మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సెన్ గోళీలను గుండ్రంగా దొర్లించే యంత్రానికి 1905లో పేటెంట్ పొందాడు. అక్కడ కరిగిన గాజును మనిషి కడ్డీతో తీసి యంత్రంలోకి జారవిడిచేవాడు కాబట్టి, తొలినాటి ఆ గోళీల్లో ఒక కొసన 9 అంకెను పోలిన సుడి, రెండో కొసన తెగిన తోక కనిపిస్తాయి. 1911లో మొదలై 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలిన ఆక్రో ఆగేట్ సంస్థ గోళీల్లో రంగులు మర చుట్లలా తిరుగుతాయి. పారదర్శక గాజు మధ్యలో పిల్లి కంటిపాపలా రంగు రేకులు ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం తరువాత, మొదట జపాన్ నుంచి వ్యాపించినవి. వాటి మీద ఖర్చు పెట్టకండి, కానీ దాచుకోండి.

లేతాకుపచ్చగా, లోపల ఏ రంగూ లేకుండా రెండు గోళీలు ఉన్నాయని రాశారు. అవి బహుశా ఆట గోళీలు కావు. హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1872లో పేటెంట్ పొందిన సోడా సీసాలో, లోపలి వాయువు ఒత్తిడికి మెడ దగ్గరి రబ్బరు చుట్టకు ఆనుకొని సీసాను మూసే గోళీలు అచ్చం అలాగే ఉంటాయి.

గుర్తింపు అయ్యాక దెబ్బలను చూడాలి. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం, కిటికీ వెలుతురు, వెర్నియర్ కాలిపర్స్ ఉంటే చాలు. వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ చూస్తే దెబ్బలు వేరువేరుగా తెలుస్తాయి. పెచ్చు అంటే గాజు తునక ఊడిపోయిన గుంట, గోటికి తగులుతుంది. నెలవంక అంటే మరో గోళీ తగిలినప్పుడు లోపల ఏర్పడిన వంకర పగులు. పైపొర తెగలేదు కాబట్టి గోటికి తగలదు, వెలుతురులో మాత్రం వెండి గీతలా మెరుస్తుంది. గాలిబుడగలు, చల్లారేటప్పుడు పడిన మడతలు, పాంటిల్ దగ్గరి గరుకుదనం దెబ్బలు కావు, అవి పుట్టుకతో వచ్చినవి. 1975లో ఏర్పడిన అమెరికా గోళీ సేకర్తల సంఘం స్థితిని మేలైనదాని నుంచి దిగువకు మింట్, నియర్ మింట్, గుడ్, కలెక్టబుల్ అనే నాలుగు తరగతులుగా విభజించింది. మీ జాబితాలో ఆ మాటలు రాసుకోవచ్చు, కానీ పక్కనే ఏ దెబ్బ ఎక్కడ ఉందో కూడా రాసుకుంటేనే ఆ తరగతికి అర్థం ఉంటుంది.

ఇకముందు మీరు కొనాలనుకుంటే ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకసారి ఎంతో నిగనిగలాడుతున్న గోళీని కొని ఇంటికి తెచ్చి కడిగితే, వందల కొద్దీ గీతలు బయటపడ్డాయి. దానికి ఖనిజ తైలం పూశారు. గాజులోను, ఆ నూనెలోను కాంతి దాదాపు ఒకే విధంగా వంగుతుంది కాబట్టి, గీతల్లో నూనె నిండితే కంటికి అవి కనబడవు. అప్పటి నుంచి కడిగి ఆరబెట్టనిదే ఏ గోళీ స్థితినీ నేను నమ్మడం లేదు. పెచ్చుల్లో ఎపాక్సీ జిగురు నింపడం మరో పద్ధతి. కాలక్రమేణా అది పచ్చబడుతుంది, అతినీలలోహిత దీపం కింద చాలాసార్లు గాజుకు భిన్నంగా తెల్లగా, నీలంగా వెలుగుతుంది. అదే దీపం కింద మీ గోళీ మొత్తం గాఢమైన ఆకుపచ్చగా వెలిగితే ఆందోళన పడకండి, అది యురేనియం కలిపిన గాజు కావచ్చు.

మసకబారిన గోళీల్లో చాలా భాగం కేవలం మురికి పట్టినవే. గది వేడిమిలో ఉన్న నీటిలో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, గిన్నె అడుగున మెత్తని గుడ్డ పరిచి, ఒక్కొక్కదానినే కడగండి. వేడినీరు వద్దు, వేడినీటి తరువాత వెంటనే చల్లనీరు అసలే వద్దు. పాత చేతిపని గాజులో చల్లార్చడం సరిగా జరగక లోపల ఒత్తిడి మిగిలి ఉంటే, వేడిలో హఠాత్తుగా వచ్చే తేడాకు గోళీ నిలువునా పగలవచ్చు. శబ్దతరంగాలతో శుభ్రం చేసే యంత్రం లోపలి నెలవంకలను పెంచగలదు, దానికి దూరంగా ఉండండి. మట్టిలో ఏళ్ల తరబడి ఉన్న గోళీల మసక మాత్రం కడిగితే పోదు. తేమ గాజులోని క్షారాన్ని కరిగించి తీసుకుపోవడం వల్ల పైపొరే మారిపోయింది. ఇంద్రధనుస్సు రంగుల పొర అలా వచ్చిందే. నేనైతే దానిని అలాగే ఉంచుతాను.

మరి సాన ఎప్పుడు పట్టించాలి? నా దృష్టిలో ఒకే ఒక సందర్భం బలమైనది: సల్ఫైడ్ గోళీ. పారదర్శక గాజు లోపల జంతువుదో మనిషిదో చిన్న మట్టి బొమ్మ ఉండే పెద్ద గోళీ అది. బొమ్మకూ గాజుకూ మధ్య చిక్కుకున్న పలుచని గాలి పొర వల్ల అది వెండిదిలా కనిపిస్తుంది. పెద్దవి, బరువైనవి కావడంతో అవి ఆటలో బాగా దెబ్బతిన్నాయి. పైపొర గీతలతో నిండిపోతే లోపలి బొమ్మే కనబడదు, బొమ్మ కనబడని సల్ఫైడ్‌కు అర్థం లేదు. నా దగ్గరి 42 మిల్లీమీటర్ల సల్ఫైడ్‌లో ఉన్నది కుక్క అని సాన పట్టించాకే తెలిసింది. దానికి నేను తొందరపడలేదు. బొమ్మ చుట్టూ లోపలి పగుళ్లు లేవని వెలుతురులో చూసి, ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, కొలిచి, తూచి, అనుభవం ఉన్న పనివాడికి ఇచ్చాను. ఆయన మూడు గిన్నె తలల మధ్య గోళీని దొర్లిస్తూ, ముతక నుంచి సన్నదాకా సిలికాన్ కార్బైడ్ పొడులతో తడిగా సాన పట్టి, చివర సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టాడు. నీరు ఎప్పుడూ పారుతూనే ఉండాలి. పొడిగా చేస్తే గోళీ వేడెక్కి పగులుతుంది, గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగులు పైపొరకు దగ్గరగానే ఉన్న లట్జ్, ఉల్లిపొర రకాలకు, పాంటిల్ చెక్కుచెదరని మెలిక గోళీలకు ఈ పని చేయించవద్దు. చేయించిన గోళీని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ సంగతి రాతలో చెప్పడం కనీస ధర్మం.

ప్రదర్శన విషయంలో అందరూ కాంతి గురించి అడుగుతారు, ఎండ గురించి అడగరు. పారదర్శక గోళీ ఒక భూతద్దమే. మామూలు గాజు గోళం దాటిన ఎండ, దాని వ్యాసంలో నాలుగో వంతు దూరంలో ఒక్క బిందువుగా కలుస్తుంది. 40 మిల్లీమీటర్ల గోళీకి అది 10 మిల్లీమీటర్లు మాత్రమే. కిటికీ పక్కన పెట్టిన నా పెట్టెలోని ఊలు గుడ్డ మీద ఒక మధ్యాహ్నం గోధుమ రంగు కాలిన మచ్చ చూశాక, పెట్టెను ఎండ పడని గోడకు మార్చాను. ఎండకు ఇంకో ప్రభావమూ ఉంది. మాంగనీసు కలిపి రంగు పోగొట్టిన పాత గాజు ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ఊదాగా మారుతుంది. వేడి పుట్టించని ఎల్ఈడీ దీపాన్ని గోళీల వెనుక నుంచో కింద నుంచో, పాలపొర ప్లాస్టిక్ అడ్డుపెట్టి వెలిగించండి.

గోళీలు ఒకదానికొకటి తగలకుండా ప్రతిదానికీ విడి గుంట ఉండాలి. నలభై గోళీలు గాజు కూజాలో పోసి పెడితే చూడముచ్చటగా ఉంటుంది కానీ, కూజా కదిలిన ప్రతిసారీ కొత్త నెలవంకలు పుడతాయి. మెలిక గోళీని రెండు పాంటిల్ గుర్తులూ పైకీ కిందికీ వచ్చేలా నిలబెడితే లోపలి వల నిండుగా కనిపిస్తుంది. సల్ఫైడ్‌లో బొమ్మ నిటారుగా, ముఖం చూసేవారి వైపు ఉండాలి. పెచ్చు లేచిన వైపును వెనక్కి తిప్పడంలో తప్పు లేదు, అయితే కింద పెట్టే చీటీలో రకం, మిల్లీమీటర్లలో వ్యాసం, స్థితితో పాటు ఆ పెచ్చు సంగతీ రాయండి. మీ పెట్టెలో రెండు పాంటిల్ గుర్తులు ఉన్నవి ఏవైనా కనిపిస్తే, వాటి ధ్రువాల ఫొటోలు టార్చి వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. ఏ రకమో చెప్పడానికి ప్రయత్నిస్తాను.