లివీవ్ ఎవరిది?

ప్రశ్న: ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలగానే పోలండ్, ఉక్రెయిన్‌లు అంతవరకూ ఆ సామ్రాజ్యంలో ఉన్న లివీవ్ నగరం (నేడు పశ్చిమ ఉక్రెయిన్‌లో ఉంది) కోసం ఎందుకు యుద్ధానికి దిగాయి?

జవాబు: నగరంలో పోలిష్ వారు, చుట్టుపక్కల పల్లెల్లో ఉక్రేనియన్లు ఎక్కువ; చిక్కంతా అక్కడే వచ్చింది. 1918 నవంబరు 1 తెల్లవారుజామున, అంతవరకూ చక్రవర్తి సైన్యంలో పనిచేసిన ఉక్రేనియన్ సైనికులు నగరాన్ని చేజిక్కించుకుని పురపాలక భవనంపై తమ జెండా ఎగరవేయగా, పోలిష్ పక్షాన బడి పిల్లలు సైతం తుపాకులు పట్టి వీధుల్లో పోరాడారు. మూడు వారాలకు ఉక్రేనియన్లు నగరం విడిచినా, 1919 జూలైలో వారి సైన్యం జ్‌బ్రూచ్ నది దాటి తూర్పుకు తరలేవరకూ యుద్ధం ఆగలేదు. ఈ పోరులో తటస్థంగా ఉంటామని ప్రకటించిన యూదులపై, నగరం పోలిష్ సేనల వశమైన వెంటనే హత్యాకాండ సాగింది. ఇరుపక్షాల వీరగాథల్లో అది తరచూ మరుగున పడుతుంది.