టెక్ సందేహాలు: పిల్లల చదువుకి పాతిక వేలలో ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి. స్కూలు వాళ్లు హోంవర్క్ పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పెడుతున్నారు. సాయంత్రం అయితే చాలు, నా ఫోన్ వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒక ల్యాప్‌టాప్ తీసుకుందామనుకుంటున్నాం. బడ్జెట్ 25 వేలు. షాపులో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్న కొత్తది 18 వేలకే ఇస్తామంటున్నారు. ‘చిన్నపిల్లలకి ఇంతకన్నా ఎందుకు మేడమ్’ అంటున్నారు. మావారేమో ట్యాబ్ చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ 18 వేలది మాత్రం వద్దండీ. ‘చిన్నపిల్లలకి చాలు’ అన్న మాట నమ్మే మా అక్క మూడేళ్ల కిందట మా మేనల్లుడికి అచ్చం ఇలాంటిదే కొంది. వాడు పవర్ బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్లి, పాలు తాగి వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఆరు నెలలు తిరక్కుండానే అప్‌డేట్‌కి చోటు చాలట్లేదని మెసేజ్. వాడు అందులో దాచుకున్నవి నాలుగు బొమ్మలు, ఒక పీపీటీ, అంతే. ఒకరోజు నా దగ్గరికొచ్చి ‘నాకు కంప్యూటర్ రాదు మామయ్యా’ అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు మెషీన్ లోపాన్ని తన లోపం అనుకున్నాడు. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నాను.

కారణం ఏంటంటే, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అనేవి విండోస్ 11 ఎక్కడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత. అది లోపలికి రావడానికి సరిపోతుంది కానీ, దాంతో హాయిగా పని చేసుకోవడం కుదరదు. పైగా ఈ ధరలో వచ్చే 64 జీబీ సాధారణంగా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ రకం స్టోరేజీ కాదు, ఈఎంఎంసీ. చవక ఫోన్లలో వాడే రకం చిప్ అది. నెమ్మదిగా ఉంటుంది, బోర్డుకి అతికించేసి ఉంటుంది కాబట్టి రేపు మార్చుకుందామన్నా కుదరదు. ర్యామ్‌ది కూడా చాలావరకు ఇదే కథ. వాట్సాప్ వెబ్, ఒక పీడీఎఫ్, బ్రౌజర్‌లో మూడు ట్యాబులు కలిపి తెరిస్తే చాలు, ఆయాసం మొదలవుతుంది.

మీకు కావాల్సింది 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ తెర. ఈ మూడింట్లో దేన్నీ వదులుకోవద్దు. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 25 వేలలో ఈ మూడూ ఉన్న కొత్తది దొరకడం కష్టం. నా సలహా అయితే, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకోండి. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటివి. వాడినవాటిని బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ షాపుల్లో మీ బడ్జెట్‌లోనే వస్తాయి. గట్టి బాడీ, నొక్కితే తెలిసే కీబోర్డ్, అవసరమైతే విప్పి ర్యామ్ పెంచుకునే వీలు. పిల్లలు రెండుసార్లు కింద పెట్టి, మూడోసారి పడేసినా ఓర్చుకునేది ఇలాంటిదే. ‘పాతదా!’ అని మీవారు మొహం చిట్లిస్తే, షాపులో ఆ కొత్తదాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి ఆన్ చేయించండి. వేరే వాదన అక్కర్లేదు.

ట్యాబ్ సంగతి. రెండో తరగతి బాబు ఒక్కడికే అయితే నేనూ సరే అనేవాణ్ణి. పాఠం చూడటానికి, పుస్తకం చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ట్యాబ్ అంటే పెద్ద ఫోనే. పాప వచ్చే ఏడాది ప్రాజెక్టులు టైప్ చేయాలి, స్క్రాచ్‌లో బొమ్మలతో చిన్న చిన్న ప్రోగ్రాములు చేయాలి. దానికి కీబోర్డ్, మౌస్ ఉండాలి. మౌస్ తప్పకుండా కొనండి, చిన్న వేళ్లకి టచ్‌ప్యాడ్ కష్టం.

పాతది అస్సలు వద్దనుకుంటే క్రోమ్‌బుక్, అంటే విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్ చూడొచ్చు. 2021 నుంచి వచ్చిన మోడళ్లకి గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ క్రోమ్ ఓఎస్’లోకి వెళ్తే అప్‌డేట్లు ఎప్పటివరకో నెల, సంవత్సరంతో సహా కనిపిస్తుంది. కానీ స్కూలు వాళ్లు విండోస్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇస్తే అది ఇందులో నడవదు. కొనేముందు టీచర్‌ని ఒక్క మాట అడగండి.

ల్యాప్‌టాప్‌ని హాల్లో, అందరికీ తెర కనిపించేలా పెట్టండి. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద తెర ముందు రెండు గంటలు దాటకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. టీవీ, ఫోన్ కూడా ఆ రెండు గంటల్లోకే వస్తాయి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడటానికి వెళ్తున్నాను. మోసపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏమేం చూడాలి?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ముందు ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5-8250యూ అని ఉంటే గీత తర్వాతి 8 దాని తరం. ఇంటెల్‌లో 8 కన్నా తక్కువైతే విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఒకే మోడల్‌లో 7వ తరంవీ 8వ తరంవీ ఉంటాయి కాబట్టి బయట స్టిక్కర్ చూసి సరిపెట్టుకోవద్దు, సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ తెరిచి చూడండి.

తర్వాత బ్యాటరీ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ‘మూడు గంటలు వస్తుందండీ’ అంటే ఊరుకోకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయమనండి, నిమిషం పని. అందులో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అని రెండు వరుసలు ఉంటాయి. మొదటిది 48,000, రెండోది 29,000 అనుకోండి, బ్యాటరీలో 60 శాతమే మిగిలిందన్నమాట. అప్పుడు కొత్త బ్యాటరీ వేసివ్వమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి. మొహమాటపడకండి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ర్యామ్ పెట్టే స్లాట్లు రెండింట్లో ఎన్ని వాడారో కనిపిస్తుంది. ఒకటి ఖాళీగా ఉంటే రేపు ర్యామ్ పెంచుకోవడం సుళువు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కి చూడండి. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూపించమనండి. పాస్‌వర్డ్ అడిగితే అది ఇంకా పాత కంపెనీ తాళంలోనే ఉందని అర్థం, ఆ మెషీన్ వదిలేయండి. బిల్లు మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి.

‘సాఫ్ట్‌వేర్లన్నీ వేసిస్తాం’ అంటారు, వద్దనండి. దొంగ ఆఫీస్ కాపీతోపాటు ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. లిబ్రే ఆఫీస్ ఉచితం, పిల్లల పనికి బోలెడు. యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ వాళ్ల పాత ల్యాప్‌టాప్ తెస్తానంటున్నాడు. మా పిల్లాడికి ఇవ్వొచ్చా? మన కరెంటుకి కాలిపోతుందా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: కాలిపోదు. అడాప్టర్ వెనక ‘ఇన్‌పుట్ 100–240 వోల్ట్స్’ అని ఉందేమో చూడమనండి, దాదాపు అన్నిటికీ ఉంటుంది. ప్లగ్ మాత్రం మన సాకెట్‌లో పట్టదు. ఊగిపోయే కన్వర్టర్ పెట్టకుండా, అడాప్టర్‌కి తగిలించే వైరు ఊడొచ్చే రకమైతే ఇక్కడి మూడు పిన్నుల వైరు కొనండి, తక్కువలో వస్తుంది.

తమ్ముణ్ణి అడగాల్సింది వేరే ఉంది. అది ఆయన సొంతంగా కొన్నదేనా? ఆఫీసుదో, వాళ్ల పిల్లల స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్కో అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేసినా మళ్లీ ఆ సంస్థ లాగిన్నే అడుగుతుంది. సొంతదైతే, విమానం ఎక్కకముందే తన అకౌంట్ తీసేసి రీసెట్ చేసి తెమ్మనండి. ఇక్కడికొచ్చాక ఓటీపీ అమెరికా నంబర్‌కి వెళ్తే పెద్ద తలనొప్పి.

ప్రశ్న: మా అమ్మాయి అయిదో తరగతి. తెలుగు ప్రాజెక్ట్ ల్యాప్‌టాప్‌లో టైప్ చేయాలి. ఎలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: విండోస్‌లోనే ఉంది, ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లో తెలుగు చేర్చండి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే భాష మారుతుంది. కీబోర్డులు రెండు రకాలు. ఫొనెటిక్ అంటే ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, పెద్దవాళ్లం చాలామందిమి వాడేది. మీ అమ్మాయికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్పమంటాను. అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. షిఫ్ట్ పట్టుకుని డీ, ఆ తర్వాత మామూలుగా సీ, డీ, సీ నొక్కితే ‘అమ్మ’. మ తర్వాత పొల్లు, మళ్లీ మ. గుణింతం, ఒత్తు ఎలా పుడతాయో పిల్ల వేళ్లకే తెలుస్తుంది. తెలుగు ‘క’ ఉన్న కీ మీదే హిందీ ‘క’ కూడా ఉంటుంది కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండో భాషకీ పనికొస్తుంది.

స్కూలు పంపిన వర్డ్ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే ల్యాప్‌టాప్‌ని అనుమానించకండి. అది అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో చేసిన ఫైల్ అయ్యుంటుంది. దాన్ని పీడీఎఫ్ చేసి పంపమని టీచర్‌ని అడగండి. ఇక కీల మీద అంటించే తెలుగు స్టిక్కర్లు నెలకే ఊడిపోయి జిగురు మిగులుతుంది. మొదటి పది రోజులూ తెర మీద ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ తెరిచి ఉంచండి, అందులో తెలుగు అక్షరాలు కనిపిస్తాయి.