ఫ్యాన్ తిరుగుతాంది, బొమ్మ పడట్లేదు

ప్రశ్న: అన్నా, మాది ఆదోని, మార్కెట్ యార్డ్ పక్క చిన్న జిరాక్స్ షాపు, పెండ్లి పత్రికలు, కరపత్రాలు కూడా చేస్తాం. సిస్టమ్ పాతదే, విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్స్ అన్నీ దాంట్లోనే ఉండాయి. వారం నుంచి ఆన్ చేస్తే లోపల ఫ్యాన్ తిరుగుతాంది, బీప్ బీప్ అని ఆగకుండా కొడతాంది, మానిటర్లో మాత్రం నో సిగ్నల్ అని వచ్చి నల్లగా అయిపోతాంది. రిపేరాయన మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకో అంటాండాడు. ముహూర్తాల టైములో ఇదేం ఖర్మన్నా?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: తమ్ముడూ, బోర్డు పోయిందంటే అంత తొందరగా ఒప్పుకోవద్దు. నో సిగ్నల్ అని రాసి చూపిస్తాందంటేనే మానిటర్ బతికుంది, దాంట్లో లైటు కూడా బాగుంది, సీపీయూ నుంచి రావాల్సిందే రావట్లేదు. ఇంక బీప్ కొడతాందంటే బోర్డు కూడా పూర్తిగా చావలేదు, ఏదో దొరకట్లేదని అదే అరిచి చెప్తాంది. ఎన్ని బీపులకి ఏం అర్థమనేది బయాస్‌ని (ఆన్ చెయ్యగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) బట్టి మారుతుంది గానీ, ఆగకుండా కొడతా ఉంటే పాత సిస్టమ్స్‌లో నేను ఫస్ట్ అనుమానపడేది ర్యామ్‌నే, అంటే బోర్డు మీద స్లాట్లో గుచ్చి ఉండే సన్నటి మెమరీ పట్టీని.

పైగా మీది జిన్నింగ్ మిల్లుల ఊరు, ఆ పత్తి నూగు ఎంత ఉంటాదో, క్యాబినెట్ మూత తీస్తే నీకే తెలుస్తాది. ముందు ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతాది. మెత్తటి బ్రష్షుతో నూగంతా దులిపి, ర్యామ్ పక్కనుండే క్లిప్పులు విప్పి బయటికి తీసి, బంగారు రంగు గీతలుండే అంచుని పిల్లోళ్ళు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి స్లాట్లో పడకుండా తుడిచేసి, క్లిప్పు టక్కుమని పడేదాకా మళ్ళీ నొక్కు. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూడు, స్లాటు కూడా మార్చి చూడు, ఎందుకంటే ఒక్కోసారి ర్యామ్ బాగుండి స్లాటే పోయింటాది. మానిటర్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే దాన్ని తీసేసి, కేబుల్‌ని బోర్డుకే ఉండే పోర్టుకి పెట్టి ఆన్ చెయ్, బొమ్మ పడితే దొంగ కార్డే. పడకపోతే దాన్నీ రబ్బరుతో తుడిచి మళ్ళీ కూర్చోబెట్టు.

ఇంతకుముందు ఆన్ చేసినప్పుడల్లా తారీకు వెనక్కి పోతా ఉండేదా? అయితే బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు, సీఆర్ 2032 అని ఉంటాది, 3 వోల్టులది, అది కూడా మార్చెయ్. కొన్ని పాత బోర్డులు సెల్లు డౌనైతే స్టార్టింగ్‌లోనే మొరాయిస్తాయి. ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా నిలబడుండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, జిగురులాంటిది కారినా అప్పుడు రిపేరాయన మాట నిజమే కావచ్చు, అయినా సోల్డరింగ్ తెలిసినోళ్ళు వాటిని మారుస్తారు. లోపలికి కరెంటు సప్లై చేసే ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా దాంట్లో కరెంటు నిలిచుంటాది.

అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు నిజంగానే పోయినా నీ పత్రికల ఫైళ్ళు హార్డ్‌డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి, ఎవరన్నా ఫార్మాట్ కొడదామంటే ఒప్పుకోవద్దు. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే కంపెనీ సపోర్ట్ ఆపేసింది, కాబట్టి నెట్ పీకేసి డిజైన్లకే వాడుకో.

ప్రశ్న: మా మానిటర్లో తెలుపంతా పచ్చగా పసుపు పూసినట్టు కనిపిస్తాంది. మానిటర్ పోయినట్టేనా సార్?
- ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: మానిటర్ కింద మెనూ బటన్ నొక్కండమ్మా. ఆ మెనూలో రంగులు సరిగా ఉంటే మానిటర్ బాగున్నట్టే, సీపీయూ నుంచి మానిటర్‌కి వచ్చే వీజీఏ కేబుల్లో నీలం రంగు తెచ్చే పిన్ను వంగిందో, లూజైందో చూడండి, నీలం రాకపోతే తెలుపు పసుపైపోతుంది. పిన్నుల్లో ఒకటి లేదని కంగారుపడొద్దు, చాలా కేబుళ్ళలో 9వ పిన్ను ఉండదు. మెనూ కూడా పసుపుగానే ఉంటే అందులో రంగుల సెట్టింగ్ రీసెట్ చేసి చూడండి, అయినా మారకపోతే తప్పు మానిటర్‌దే.

ప్రశ్న: ఫార్మాట్ చేయించినాక అక్షరాలు లావుగా, మసకగా వస్తాండాయి.
- ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: డిస్‌ప్లే డ్రైవర్, అంటే బొమ్మని సరిగా చూపించే సాఫ్ట్‌వేర్, వెయ్యకుండా ఇచ్చేసినట్టుంది. డివైస్ మేనేజర్లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అదే సంగతి. బోర్డు మోడల్ నంబర్ చూసుకుని ఆ కంపెనీ సైట్ నుంచే డ్రైవర్ దించుకో, తర్వాత రిజల్యూషన్‌లో రికమెండెడ్ అని పక్కన రాసుండేదే పెట్టు.