గుండె చప్పుడు ఎప్పుడెప్పుడు విన్నారో ముందు ఆ కాగితం అడగండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భార్య తొలి కాన్పు నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. సాయంత్రం కడుపుకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు కాసేపు చూసి తీసేశారు. రాత్రంతా సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కిస్తూనే ఉన్నారు. సిస్టర్ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయింది. తెల్లవారుజామున పుట్టిన బాబు ఏడ్వలేదు. మెదడుకు ఆక్సిజన్ అందలేదని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు 14 నెలలు, మెడ నిలపడం లేదు. బెల్టు తీసేయడం తప్పే కదా? మా బావమరిది పోలీసు కేసు పెడదామంటున్నాడు.

జవాబు: బెల్టు తీసేశారన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి బెల్టు నిరంతరం కట్టి ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పదు. నొప్పులు జోరందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో 5 నిమిషాలకోసారి, కనీసం ఒక నిమిషం పాటు వినాలంటుంది. చేతిలో పట్టుకునే డాప్లర్‌తో (గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం) విన్నా సరిపోతుంది.

మీ విషయంలో తేడా నొప్పుల మందు దగ్గర వస్తుంది. ఆ మందుతో నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వస్తే మాయ ద్వారా బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే డ్రిప్ నడుస్తున్నప్పుడు మామూలు కంటే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలు. అది పడిపోయిందా? పడితే డ్రిప్ ఆపారా? డాక్టర్‌ను ఎన్నింటికి పిలిచారు? ఆపరేషన్ ఆలోచన చేశారా? కేసు ఈ ప్రశ్నల మీద నడుస్తుంది.

జవాబులు ఆసుపత్రి కాగితాల్లోనే ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ చాలదు. గుండె చప్పుడు గ్రాఫ్, కాన్పు చార్టు, నర్సుల నోట్స్, మందుల చార్టు, బాబు పుట్టగానే రాసిన షీటు, అన్నీ అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. ఆసుపత్రి రికార్డు భద్రపరచాల్సింది కూడా 3 ఏళ్లే. గ్రాఫ్ చాలాచోట్ల బస్సు టికెట్ లాంటి థర్మల్ కాగితం మీద వస్తుంది, రోజులు గడిస్తే వెలిసిపోతుంది. చేతికి రాగానే ఫోటో తీసి జిరాక్స్ చేయించండి. కాగితాలు ఇవ్వకపోయినా, వేళలు దిద్దినట్టు కనిపించినా, కేసు విచారించే వినియోగదారుల కమిషన్ దాన్ని ఆసుపత్రికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

ఆసుపత్రి గట్టిగా వాదించేది ఒకటుంది: బాబు మెదడుకు దెబ్బ కాన్పులో తగల్లేదు, కడుపులో ఉండగానే తగిలిందని. ఇన్ఫెక్షన్ వల్లనో, మరో కారణం వల్లనో అలా జరగడమూ ఉంది. కాబట్టి బాబు మొదటి రోజుల కాగితాలు, ఎంఆర్‌ఐ రిపోర్టు మీకు ప్రాణం. ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్ ఆసుపత్రి ఒకదాని కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీ కేసుకు ప్రసూతి నిపుణుల అభిప్రాయం ఒకటి సంపాదించడం మంచిదని నా సలహా.

కేసు వేయాల్సింది నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. గడువు 2 ఏళ్లు, పుట్టిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, అంటే మీకు 10 నెలలే ఉన్నాయి. పెద్ద పరిహారం అడిగితే హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలేమో అని చాలామందికి టెన్షన్. 2019 చట్టం వచ్చాక చూసేది మీరు కట్టిన బిల్లునే. అది 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనే. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బాబు తరఫున, తల్లిదండ్రులుగా మీ తరఫున, రెండు విధాలా పరిహారం అడగవచ్చు. 1998లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న విషయమే ఇది. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. (పూర్తిగా ఉచితంగా చూసే సర్కారు దవాఖానలో కాన్పు అయినవాళ్లకు మాత్రం వినియోగదారుల చట్టం వర్తించదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి.)

ఇక పోలీసు కేసు. మీ బావమరిది కోపం అర్థమవుతుంది. కానీ డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి, ముందుగా మరో డాక్టర్ అభిప్రాయం ఉండాలి అని 2005లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పైగా ఆ కేసు బాబు వైద్యానికి డబ్బు తేదు. ఆసుపత్రి ముందు టెంటు వేయడం, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఎంతో కొంత తీసుకుని 'ఇక ఏ కేసూ పెట్టం' అని సంతకం చేయడం మన వైపు అలవాటే. దయచేసి అది చేయకండి. ఈ బాబుకు ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ కావాలి.

రికార్డు కోసం రాసే ఉత్తరం మీ భార్య పేరుతోనే, ఆమె సంతకంతోనే వెళ్లాలి. అక్కడ పేషెంట్ ఆమె, మీరు కాదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.