ఆ నంబరుకి రెండు టిక్కులు పడ్డాయి

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా తమ్ముడు పోయి తొమ్మిది నెలలైంది. 34 ఏళ్లు, గుండెపోటు. అమ్మ రోజూ పొద్దున్నే వాడి వాట్సాప్‌కి "లేచావా నాన్నా", "తిన్నావా" అని పెట్టుకునేది. ఒక్క టిక్కే పడేది. మేమెవరం వద్దనలేదు. పోయిన వారం రెండు టిక్కులు పడ్డాయి. డీపీలో ఎవరో కుర్రాడు, బైక్ మీద. కాసేపటికి "హూ ఈజ్ దిస్?" అని వచ్చింది. ఆ రోజు నుంచి అమ్మ ఫోన్ ముట్టుకోవడం లేదు.

ఇంకోటి. వచ్చే నెల వాడి పుట్టినరోజు. వాడి ల్యాప్‌టాప్‌లో ఫేస్‌బుక్ తెరిచే ఉంది. ఎవరైనా కామెంట్ పెడితే నాన్న అందులోంచే "థాంక్యూ" అని జవాబిస్తున్నారు. వాడి క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి "అక్కా, గుండె ఆగినంత పనైంది" అన్నాడు. మరదలు అకౌంట్ తీయించేయమంటోంది. అమ్మానాన్నలు ఒప్పుకోరు. నేను మధ్యలో నలిగిపోతున్నాను.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తల్లీ, ఫేస్‌బుక్ రెండు రోజులు ఆగుతుంది. ముందు అమ్మ సంగతి.

ఆ కుర్రాడి తప్పేం లేదు. రీఛార్జ్ లేకుండా, వాడకుండా 90 రోజులు ఉంటే ప్రీపెయిడ్ సిమ్ ఆపేస్తారు. అలా ఆపిన నంబరుని కంపెనీ ఇంకో 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత ఇవ్వొచ్చు. ఈలోపు వాట్సాప్ కూడా 120 రోజులు కదలిక లేని అకౌంట్‌ని మామూలుగా తనే తీసేస్తుంది. మీ తొమ్మిది నెలలకి లెక్క సరిపోయింది. అమ్మకి ఈ అంకెలు చెప్పకండి. వాడు ఖాళీ చేసిన ఇంట్లో ఎవరో అద్దెకి దిగారని చెప్పండి, అర్థం చేసుకుంటుంది. ఆ కుర్రాడికి కూడా సంగతేమిటో ఒక ముక్క రాయండి, పాపం. ఆ తర్వాత ఆ నంబరు జోలికి వెళ్లొద్దు.

తమ్ముడి పాత మాటలు ఎక్కడికీ పోలేదు, అమ్మ ఫోన్‌లోనే ఉన్నాయి. ఈరోజే ఆ చాట్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, ఫోటోలతో సహా మీ మెయిల్‌కి పంపుకోండి. వాయిస్ మెసేజ్‌లని ఒక్కొక్కటిగా తీసి రెండు చోట్ల దాచండి. ఈరోజే అని ఎందుకంటున్నానో చెప్తాను.

మావారు పోయిన నెలకి ఆయన ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. మా వీధి చివర షాపులో ఇచ్చాను. సాయంత్రానికి "బాగైపోయింది మేడమ్, కొత్తదానిలా ఉంది" అని చేతిలో పెట్టాడు. నిజంగానే కొత్తదానిలా ఉంది. లోపల ఏమీ లేదు. అడిగితే ఫార్మాట్ చేయకపోతే పనవదన్నాడు. చెప్పి చేయాలన్న ఆలోచన అతనికి రాలేదు, అడగాలన్నది నాకూ తట్టలేదు. ఇప్పుడు ఆయన గొంతు అంటూ మిగిలింది మా ఆడపడుచు ఫోన్‌లో దొరికిన 11 సెకన్లు. అందులో ఏముంది? "కొత్తిమీర తేవడం మర్చిపోయా, మీ వదినకి నువ్వే చెప్పు, నేను చెప్తే తిడుతుంది." వెనకాల మల్లేశ్వరం ఎయిత్ క్రాస్ ట్రాఫిక్. ఆ హారన్లు కూడా నాకు కంఠతా వచ్చు.

అమ్మకి రోజూ పలకరించుకోవడానికి ఒక చోటు కావాలి కదా. మీరూ ఆవిడా మాత్రమే ఉండే గ్రూపు ఒకటి పెట్టండి, డీపీ తమ్ముడిది పెట్టండి. "తిన్నావా" అని అందులో రాసుకోనివ్వండి. మీరు జవాబివ్వకండి. చదవండి. నీలం టిక్కు పడితే చాలు ఆవిడకి.

బ్యాంకులో డెత్ క్లెయిముల సీటులో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి నోరూరుకోదు. ఆ పాత నంబరు వాడి బ్యాంకు ఖాతాలకీ, మెయిల్‌కీ, ఇంకా దేనికైనా కలిపి ఉందేమో చూశారా? ఓటీపీలు ఇప్పుడు బైక్ కుర్రాడి ఫోన్‌కి వెళ్తాయి. మరదలిని ఈ వారమే డెత్ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లమనండి. గూగుల్‌లో వాడి ఫోటోలు ఉంటే అదీ చూడండి. రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్‌ని వాళ్లు తీసేయొచ్చు. పాస్‌వర్డ్ ఇవ్వరు కానీ, చనిపోయినవాళ్ల అకౌంట్ గురించి ఇంటివాళ్లు అడిగే పద్ధతి ఒకటి ఉంది. పరిశీలించి కొన్ని సందర్భాల్లో ఫోటోలవీ ఇస్తారు.

ఇక ఫేస్‌బుక్. మీవాళ్లు ఉంచడం, తీయడం అని రెండే అనుకుంటున్నారు. మూడోది ఉంది. స్మారక అకౌంట్‌గా మార్చమని అడగొచ్చు, 2009 నుంచీ ఉన్న పద్ధతే. డెత్ సర్టిఫికెట్ లాంటి ఆధారం చూపించాలి. అప్పుడు పేరు పక్కన 'రిమెంబరింగ్' అని పడుతుంది. వాడు పెట్టినవన్నీ ఇదివరకు ఎవరికి కనపడేవో వాళ్లకి అలాగే కనపడతాయి. పుట్టినరోజు గుర్తుచేయడాలు ఆగిపోతాయి. తెలియనివాళ్లు "పార్టీ ఎప్పుడ్రా" అని రాయడం చాలావరకు తగ్గుతుంది. మరదలిని కోస్తున్నది అదే అయ్యుంటుంది, అడిగి చూడండి. కానీ ఒకసారి మార్చాక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు, నాన్నగారితో సహా. పూర్తిగా తీయించేస్తే మాత్రం మళ్లీ రాదు. కాబట్టి మీకు కనపడే ఫోటోలు, నలుగురు రాసిన మాటలు ముందే దాచుకోండి.

ఎవరి మాట చెల్లాలి అంటారా? మా సీటుకి వచ్చేవాళ్లకి నేను రోజూ చెప్పే మాట, నామినీ అంటే సొంతదారు కాదు, అందరి తరఫునా చేతికి తీసుకునే మనిషి అని. మీ ఇంట్లో ఆ మనిషి మీ మరదలు. ఆ అమ్మాయి ఒప్పుకోనిదే ఏదీ చేయకండి. అలాగని అమ్మానాన్నలకి తెలియకుండా ఆ అమ్మాయీ ఏదీ చేయకూడదు. ముగ్గురినీ ఒక ఆదివారం కూర్చోబెట్టి మూడో దారి చెప్పండి, ఫోన్లో మాత్రం వద్దు.

నాన్నగారి మీద కోప్పడకండి. కొడుకు ఇంటికొచ్చినవాళ్లని కొడుకు లేనప్పుడు తండ్రి పలకరించడూ? అలా పలకరిస్తున్నారాయన. కాకపోతే తలుపు చాటునుంచి. "నేను వాడి నాన్నని" అని తన అకౌంట్ నుంచి రాయమనండి, అవతలివాళ్లు భయపడరు.

ఆయనకి ఇంకో పని కూడా ఇవ్వండి. ఒకసారి బేగూరు నాగేశ్వర గుడికి తీసుకెళ్లండి, మీకు మరీ దూరం కాదు. క్రీ.శ. 890 ప్రాంతపు శాసనం ఉందక్కడ. బెంగళూరు యుద్ధంలో, గంగరాజుల అధికారి నాగత్తర ఇంటి మనిషి బుత్తన సెట్టి చనిపోయాడని పాత కన్నడంలో చెక్కారు. బెంగళూరు అన్న పేరు మనకు దొరికిన అతి పాత రాత అదే. చూడండి, ఇంత ఊరి పేరు ఒక చావు కబురులో దొరికింది. నృపతుంగ రోడ్డులో ఉన్న చరిత్ర పరిశోధన సంస్థ మిథిక్ సొసైటీ వాళ్లు ఈ ఊరి శాసనాలని త్రీడీ స్కాన్లు తీసి భద్రపరుస్తున్నారు. నేను రిటైరయ్యాక స్నేహితురాళ్లతో వెళ్లి చూశాను. పెద్ద పొగడ్తలేం లేవు. ఎవరు, ఎక్కడ, ఎలా పోయారు, అంతే. నాన్నగారిని కూడా అలా నాలుగు లైన్లు, తెలుగులో, కొడుకు గురించి రాయమనండి. పుట్టినరోజునాడు తన ఫేస్‌బుక్ గోడ మీద పెట్టుకోనివ్వండి.

అన్నట్టు, మొదటి సంవత్సరీకానికి పంతులుగారు చెప్పే తిథి ఒకటి, ఫోన్ చూపించే తేదీ ఒకటి అవుతాయి. మా ఇంట్లో రెండు రోజులూ వండుతాం. తినేవాళ్లు అభ్యంతరం చెప్పలేదు ఇంతవరకు.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. జయనగర్. మొన్న మా మనవడు "తాతా, నువ్వు పోతే ఈ ఫోటోలన్నీ ఎవరివి?" అన్నాడు. నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏమైనా చేసుకోవాలా?

జవాబు: చేసుకోవాలి సార్, గంట పని. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మూడు నెలల నుంచి 18 నెలల దాకా మీరు పెట్టుకున్న గడువులో అలికిడి లేకపోతే, మీరు చెప్పిన మనుషులకి మీరు చెప్పినవి అందుతాయి. పదిమంది దాకా పెట్టుకోవచ్చు. అలా మీ తర్వాత చూసుకోవడానికి మీరు పెట్టుకునే మనిషిని ఫేస్‌బుక్‌లోనూ, యాపిల్ ఫోన్లలోనూ లెగసీ కాంటాక్ట్ అంటారు. ఫేస్‌బుక్‌లో ఆ మనిషి మీ ఫోటో మార్చగలడు, పైన ఒక మాట రాయగలడు. మీ మెసేజ్‌లు మాత్రం చదవలేడు, నిశ్చింతగా ఉండండి. యాపిల్‌లో అయితే ఒక యాక్సెస్ కీ ఇస్తారు. దాన్ని ప్రింట్ తీసి ఎల్ఐసీ బాండ్ల కవర్లోనే పెట్టండి, ఇంట్లో అందరూ మొదట వెతికేది అందులోనే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కూడా నామినీని పెట్టుకునే హక్కు రాశారు.

నేనూ పోయిన నెలే చేశాను. కోడలి పేరు పెట్టాను. మావాడు అలిగాడు గానీ, వాడు తన పాస్‌వర్డే నెలకోసారి మర్చిపోతాడు.