మావారు గది తలుపు తియ్యరు, ఇదేం ప్రేమ?

ప్రశ్న: మా పెళ్లయి పన్నెండేళ్లు. మావారికి 41 ఏళ్లు, నవల రాస్తున్నారు. అమెరికన్ రచయిత జె.డి. శాలింజర్ అంటే ప్రాణం. ఆయనలాగే బతుకుతానంటూ రెండేళ్లుగా ఫంక్షన్లకు రావడం మానేశారు, చుట్టాల ఫోన్లు ఎత్తరు. అందరూ నటిస్తున్నారంటారు. సాయంత్రం గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటే మళ్లీ భోజనానికే బయటికొస్తారు. పోయిన నెల ఆయన నోట్‌బుక్ తీసి చదివాను. నా గురించి రాసిన పేజీలు ఫొటో తీసి మా అక్కకు పంపాను. అది తెలిసినప్పటి నుంచి నాతో మాటల్లేవు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికం ఉంటే అది ప్రేమెలా అవుతుంది? తప్పు ఎవరిది?

జవాబు: తప్పు ఇద్దరి దగ్గరా ఉంది. ముందు సర్దుకోవలసింది మాత్రం నోట్‌బుక్ సంగతి. అది తేలనిదే మిగతా మాటలేవీ ఆయన చెవికెక్కవు.

మీరు చేసినవి రెండు పనులు. ఒంటరితనం భరించలేక చదివారు, అది అర్థమవుతుంది. ఫొటోలు పంపడం అంతకంటే పెద్దది. నవల రాసేవాళ్ల నోట్‌బుక్‌లో ఉండేదంతా మనసులోని తీర్పు కాదు. కోపంలో రాసి మర్నాడు కొట్టేసే వాక్యాలుంటాయి. భార్య అన్న మాటను తీసుకుని పాత్ర నోట్లో పెట్టి చూసుకునే ప్రయత్నాలుంటాయి. వాటిని సాక్ష్యంలా చదివితే లేని అర్థాలు తేలతాయి. మీ అక్కగారికి ఆ ముందూ వెనకా కూడా తెలియదు.

కాబట్టి మొదట అక్కగారికి ఫోన్ చెయ్యండి. మీ వైపు నుంచి మెసేజ్ తీసేస్తే సరిపోదు. ఆమె ఫోన్ గ్యాలరీలో, బ్యాకప్‌లో ఉన్నవీ తీసేయించాలి. ఇంకెవరికైనా పంపారా అని సూటిగా అడగండి. ఆ తర్వాత ఆయన దగ్గరికెళ్లి, "మీ నోట్‌బుక్ చదివాను, ఫొటోలు పంపాను, రెండూ తప్పే. అక్క ఫోన్లో తీసేయించాను. ఇంక ముట్టుకోను" అనండి. ఎవరికైనా చేరి ఉంటే ఆ మాటా దాచకుండా చెప్పండి. అక్కడితో ఆపండి. "కానీ మీరు కూడా..." అని మొదలుపెడితే క్షమాపణ పోయి పోట్లాట మిగులుతుంది. మీ బాధ చెప్పుకోవడానికి ఇంకో రోజు పెట్టుకోండి, మూడు నాలుగు రోజుల తర్వాత.

ఇలాంటి చిక్కే శాలింజర్‌ను కోర్టుకు లాగింది. ఆయన పాత ఉత్తరాలు అందుకున్నవాళ్ల నుంచి యూనివర్సిటీ లైబ్రరీలకు చేరాయి. ఒక జీవితచరిత్రకారుడు వాటిని చదివి తన పుస్తకంలో వాడుకోబోయాడు. 1987లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఆపించింది. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లదే, అందులోని మాటల్ని అచ్చువేసే హక్కు రాసినవాళ్లది. ఇంట్లో కోర్టు రూళ్లు నడవవు గానీ ఈ గీత మీకు పనికొస్తుంది. చేతికి దొరికినంత మాత్రాన నలుగురికీ పంచే హక్కు రాదు. మీవారికీ అందులో ఒక సంగతుంది. గోప్యత కోసం వేసిన ఆ కేసులోనే శాలింజర్ లాయర్ల ముందు గంటల తరబడి కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది, ఉత్తరాల్లోని ముక్కలు పత్రికలకెక్కాయి. మౌనవ్రతం పట్టినా అంతే. ఇంటిల్లిపాదీ ఆయన గురించే మాట్లాడుకుంటారు.

ఇక ఆయన ఆదర్శం సంగతి. శాలింజర్ 1953లో న్యూహాంప్‌షైర్‌లోని కార్నిష్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయారు. 1965 తర్వాత కొత్త కథ ఏదీ అచ్చుకు ఇవ్వలేదు. 2010లో 91వ ఏట పోయేదాకా అదే పట్టుదల. ప్రచురణ అంటే తన ఏకాంతంలోకి చొరబడడమేనని, తన కోసమే రాసుకుంటున్నానని 1974లో ఫోన్లో ఒక పత్రికకు చెప్పారు. ఇదంతా నిజం. అయితే ఆ ఊళ్లో ఆయన పోస్టాఫీసుకు, కొట్టుకు వెళ్లేవారు. పక్క ఊరి చర్చిలో నలుగురితో కూర్చుని భోంచేసేవారు. ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన కొత్తవాళ్లకు ఊరివాళ్లు తప్పు దారి చూపించేవారు. ఆయన మొహం చాటేసింది పేరుప్రఖ్యాతులకు. పెదనాన్న ఫోన్ ఎత్తకపోవడం ఆ కోవలోకి రాదు.

శాలింజర్ ఇంట్లోవాళ్ల మాట కూడా వినాలి. 1955లో జరిగిన పెళ్లి 1967లో విడాకులతో ముగిసింది. ఇంటికి దూరంగా కట్టుకున్న చిన్న గదిలో ఆయన రాసుకుంటుంటే తల్లి ఎంత ఒంటరిగా గడిపిందో కూతురు 2000లో పుస్తకంగా రాసింది. కొడుకు ఆ చిత్రాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎంత నిజమో మనం తేల్చలేం. తలుపు అవతలి మనిషికీ చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుందని మాత్రం మీవారు గుర్తించాలి.

"అందరూ నటిస్తున్నారు" అనే మాట శాలింజర్ 1951 నాటి నవలలోని కుర్రాడిది, వాడికి పదహారేళ్లు. లోకమంతా బూటకమనే ఆ పిల్లవాడే తనంత అబద్ధాలకోరు ఇంకొకడు ఉండడంటాడు. మాటిమాటికీ ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యాలని తహతహలాడతాడు. చివరికి వాడిని నిలబెట్టేది పదేళ్ల చెల్లెలు. ఆ ప్రేమను వదిలేసి చిరాకును ఒక్కదాన్నే తెచ్చుకుంటే నవలలో సగమే చదివినట్టు. నిజాయితీ అంటే అందరినీ తోసెయ్యడం కాదు. వెళ్లాలని లేని పెళ్లికి "నేను రాను, మీకు శుభం కలగాలి" అని తానే ఫోన్లో చెప్పడం నిజాయితీ. భార్యతో సాకులు చెప్పించడం ఆయన తిట్టే నటనే.

మీ ప్రశ్నలో ఒక పొరపాటుంది. అన్నీ చెప్పుకోవడం ప్రేమకు కొలత కాదు. రాతప్రతి, డైరీ, పాత స్నేహితుల ఉత్తరాలు, మనసులో తిరిగే ఆలోచనలు ఆయన సొంతం. డబ్బు, అప్పులు, ఆరోగ్యం, ఉద్యోగం మానేసే ఆలోచన, మరొకరితో సంబంధం, వీటి భారం మీ మీదా పడుతుంది. వీటిని దాచిపెట్టి దానికి ఏకాంతం అని పేరు పెడితే ఒప్పుకోకండి.

ఇద్దరూ కూర్చున్నప్పుడు గంటల లెక్కన మాట్లాడుకోండి. "నాకు టైమివ్వండి" అంటే ఏదీ తేలదు. వారంలో ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు తలుపు వేసి ఉంటుంది. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంటి మీదికి ఏదైనా వచ్చినా తప్ప తట్టరు. ఆ టైమయ్యాక ఆయనే బయటికొచ్చి అరగంట మీతో ఉంటారు, ఫోన్లు పక్కనపెట్టి. ఏం రాశారని అడగకండి. "ఇవాళ సాగిందా?" చాలు. ఆయన ఫొటో గానీ నవల సంగతి గానీ ఆయన సరే అన్నాకే గ్రూపుల్లో పెట్టండి. నవలలో మిమ్మల్ని పోల్చుకునే ఘట్టం ఉంటే అచ్చుకు ముందు మీకు చూపించాలని అడగండి. ఈ షరతు చాలామందికి తట్టదు, పుస్తకం వచ్చాక ఏడుస్తారు. నెలలో తప్పక వెళ్లాల్సిన శుభకార్యం ఒక్కటి ఆయన ఎంచుకోవాలి, మిగతావాటికి మీరు ఒంటరిగా వెళ్లినా సంజాయిషీలు చెప్పక్కర్లేదు. ఆరు వారాలు చూడండి. మొదటి రెండు వారాల్లో అరగంట మాట తప్పడం మామూలే. నాలుగో వారానికీ అలాగే ఉంటే ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి, ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి.

ఇంకొకటి జాగ్రత్తగా గమనించండి. ఆ గదిలో ఆయన నిజంగా రాస్తున్నారా, ఊరికే కూర్చుంటున్నారా? నిద్ర, ఆకలి మారి, ఇష్టమైన పుస్తకాల మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. శాలింజర్ కూడా 1944లో నార్మండీ తీరంలో దిగి యుద్ధమంతా చూసి, 1945లో ఆ ఒత్తిడికి జర్మనీలో ఆసుపత్రిలో చేరిన మనిషి. అలాంటి లక్షణాలుంటే గంటల ఒప్పందం పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్టుకు చూపించండి. చచ్చిపోవాలన్న మాట నోటి వెంట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి. అప్పుడు గడియ పెట్టుకోనివ్వకండి.